మైపాడు సముద్రంలో పొద్దుగూకదు

మా నెల్లూరు కుర్రాళ్ళు సినిమా కథ రాసుకున్నారంటే ఆఖరి సీను మైపాడు ఒడ్డున పడాల్సిందే. హీరో ఇసకలో ఒంటరిగా నిలబడి ఉంటాడు. ఎదురుగా ఎర్రటి సూర్యుడు మెల్లగా సముద్రంలోకి దిగిపోతుంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా ఒకటే. మైపాడు సముద్రంలో పొద్దు పొడవడమే గానీ గూకడం ఉండదు. మనది తూర్పు తీరం. సాయంత్రమయ్యేసరికి సూర్యుడు హీరోగారి వీపు వెనక, తాటితోపుల అవతల, రొయ్యల గుంటల మీదుగా దిగిపోతాడు. ఎదురుగా ఉన్న సముద్రం అప్పటికే బూడిదరంగుకు తిరిగి ఉంటుంది.

దీనికి సినిమావాళ్ళ దగ్గర మందు లేకపోలేదు. తెల్లవారుజామున తీసేసి సాయంత్రమని చెప్పేస్తారు. చూసేవాడికి ఎర్రసూర్యుడు ఎర్రసూర్యుడే. మరి తెల్లవారి సూర్యుడు పైకొస్తాడు గానీ కిందికి దిగడు గదా అంటారేమో. తీసినదాన్ని వెనక నుంచి ముందుకు తిప్పితే దిగుతాడు. కాకపోతే అలలు కూడా ఒడ్డు నుంచి లేచి వెనక్కి నడుచుకుంటూ సముద్రంలోకి పోతాయి, కాకులు తోకలు ముందు పెట్టుకుని ఎగురుతాయి. రెండు సెకన్లయితే ఎవరూ పట్టించుకోరు. పాట మొత్తం అలా నడిపితే హాల్లో పిల్లలు ఈల వేస్తారు.

ఈ సంగతి కథ రాసినవాడికి ఎవరు చెప్పాలి? కెమెరా కంటే ముందు ఆ ఒడ్డుకు పోయి నిలబడి చూసినవాడు చెప్పాలి. పెద్ద కంపెనీల్లో ఆ పనికి ప్రత్యేకంగా మనిషి ఉంటాడు. ఊళ్ళు తిరిగి, ఫోటోలు తీసి, సర్పంచితో మాట్లాడి, జనరేటర్ వ్యాను తిరగడానికి దారుందో లేదో చూసి వస్తాడు. దాన్ని రెక్కీ అంటారు. సొంత డబ్బుతోనో స్నేహితుల దగ్గర పోగేసిన డబ్బుతోనో సినిమా తీసేవాడికి ఆ భోగం లేదు. తనే దర్శకుడు, తనే నిర్మాత, బైకు మీద పాళెం పాళెం తిరిగేదీ తనే. ఈసారి కబుర్లు అలాంటివాళ్ళ గురించి. మీకు తీరిక ఉంటే తీరం వెంబడి అలా తడ దాకా పోయొద్దాం.

బయల్దేరే ముందు ఒక మాట. మా తీరంలో మొట్టమొదటి లొకేషన్ వేటగాడు ఎవరో చెప్పుకోండి చూద్దాం. నన్నడిగితే ఫ్రాన్సిస్ డే అంటాను. నవ్వకండి. 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు మా దుగరాజపట్నంలో వర్తకపు కొఠీ పెట్టారు. వాళ్ళ కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. దక్షిణాన పులికాటులో డచ్చివాళ్ళు అప్పటికే కోట కట్టుకుని కూర్చున్నారు. దుగరాజపట్నంలో బట్టల బేరం ఇంగ్లీషువాళ్ళు అనుకున్నంతగా సాగలేదు. కొఠీ పెద్దగా ఉన్న డే దొర తీరం వెంట దక్షిణానికి చోటు వెతుక్కుంటూ పోయాడు. చివరికి 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసపట్నం అనే ఇసక నేలకు అనుమతి సంపాదించాడు. ఓడలకు సరైన రేవు కూడా లేని చోటు అది. అలాంటి చోటు ఎందుకు ఎంచుకున్నాడని తోటి దొరలే ముక్కున వేలేసుకుని ఉంటారు. మూడొందల ఏళ్ళకు అక్కడే స్టూడియోలు లేచాయి, మన తెలుగు సినిమా అక్కడే నడక నేర్చింది. మా జిల్లా నుంచి రాసేవాళ్ళూ పాడేవాళ్ళూ వేషాలేసేవాళ్ళూ తీసేవాళ్ళూ రైలెక్కి అక్కడికే పోయారు. ఆత్రేయ సూళ్ళూరుపేట పక్కనుంచి పోయాడు. సింగీతం శ్రీనివాసరావు ఉదయగిరిలో పుట్టినవాడు.

ఆ స్టూడియోల కాలంలో చోట్లు వెతికేవాడికి పెద్దగా పని లేదు. అడవి కావాలంటే ఫ్లోరులో అడవి వేసేవాళ్ళు. ద్వారక కావాలంటే ద్వారక. వెన్నెల కావాలంటే కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల కాయించేవాడు. 'మాయాబజార్' (1957)లో పడవ మీద పాట గుర్తుంది గదా. దాన్లో కొద్ది భాగమే అవుట్‌డోరు, అదీ ఎన్నూరు దగ్గర. మిగతాదంతా బార్ట్లే చేతి చలవ. ఎన్నూరంటే మాకు పరాయి ఊరేం కాదు. ఎన్నూరు, పులికాటు, తడ, దుగరాజపట్నం, కృష్ణపట్నం, అన్నిటినీ కలుపుతూ పోయేది ఒకటే కాలువ, బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వడంతో మొదలై, 1877-78 కరువులో కూలీజనం చేతుల మీదుగా పెరిగి, కృష్ణా కాలువల దాకా పోయింది. ఒకప్పుడు కట్టెలూ ఉప్పూ వడ్లూ పడవల్లో పట్నం చేరిన దారి అది. పాత సినిమాల్లో నిండుగా కనిపించే అలాంటి నీళ్ళు ఇప్పుడు చాలా చోట్ల గుర్రపుడెక్క కింద దాక్కున్నాయి.

సరే, అసలు మనిషి దగ్గరికొద్దాం. తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1919లో నెల్లూరులో పుట్టినవాడు. సాహిత్యం చదివేవాళ్ళకు పఠాభి. 1939లో 'ఫిడేలు రాగాల డజన్' అచ్చేసి ఛందస్సు పండితులకు నిద్ర లేకుండా చేశాడు, శ్రీశ్రీ దానికి ముందుమాట రాశాడు. శాంతినికేతన్, కలకత్తా, ఆ తర్వాత న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయం, ఇలా ఎక్కడెక్కడో చదివాడు. తిరిగొచ్చాక సినిమాల్లోకి దిగాడు. మొదట మామూలు దారిలోనే. జయంతి పిక్చర్స్ పేరుతో, కె.వి.రెడ్డి దర్శకత్వంలో, నాగేశ్వరరావు, జమున వేసిన 'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958). మంచి సినిమా, చక్కటి స్టూడియో సినిమా. అక్కడితో ఆగిపోయినా నెల్లూరులో ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు. పెద్ద దర్శకుడు, పెద్ద తారలు, ఇంకేం కావాలి?

ఆయనకు ఇంకేదో కావాల్సొచ్చింది. యు.ఆర్. అనంతమూర్తి కన్నడంలో 1965లో రాసిన 'సంస్కార' నవల చేతికొచ్చింది. అగ్రహారంలో ఆచారాలన్నీ మంటగలిపిన నారాణప్ప అనేవాడు చచ్చిపోతాడు. శవం లేస్తే గానీ ఎవరూ అన్నం ముట్టకూడదు. వాడికి కర్మ చేస్తే తాము మైలపడతామేమోనని ఎవరూ ముందుకు రారు. ఇంతే కథ. ఎలుకలు చస్తుంటాయి, గద్దలు తిరుగుతుంటాయి, వీధిలో జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటారు. దీన్ని ఫ్లోరులో సెట్టేసి తీయొచ్చా? తీయొచ్చు, ఆ రోజుల్లో మద్రాసులో అగ్రహారం వేయడం ఎంత పని గనక. కానీ ఆ వీధికి రెండు కొసలా ఇళ్ళు, ఇళ్ళ వెనక అడవి, పక్కన ఏరు, ఆ ఏటి దగ్గరికి దారి, ఇవన్నీ ఒకదాన్నుంచి ఒకటి విడదీయలేనట్టు ఉండాలి. శవం ఒక ఇంట్లో ఉంటే దాని వాసన మిగతా ఇళ్ళకు ఎంత దూరంలో ఉందో చూసేవాడికి తెలియాలి. అది సెట్టులో రాదు. శృంగేరి దగ్గర తుంగ ఒడ్డున వైకుంఠపుర అనే ఊళ్ళో తీశారు.

మనుషుల్ని కూడా చూడండి. కెమెరా పట్టింది టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు. కళ వాసుదేవ్ అనే చిత్రకారుడిది, సంగీతం రాజీవ్ తారానాథ్‌ది. గిరీశ్ కర్నాడ్ పట్టాభితో కలిసి స్క్రీన్‌ప్లే రాసి, ప్రాణేశాచార్యుడి వేషమూ వేశాడు. పి.లంకేశ్ నారాణప్ప. చంద్రి వేషం పట్టాభి భార్య స్నేహలతది. మద్రాసు నాటకాల బృందం నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. సింగీతం కూడా ఆ సినిమాకు పనిచేశాడు. కె.వి.రెడ్డి దగ్గర 'మాయాబజార్'కు అసిస్టెంటుగా నేర్చుకున్న మనిషి ఇక్కడ ఒక నిజం వీధిలో నిలబడ్డాడన్నమాట. తర్వాత నాలుగేళ్ళకు ఆయనే రాజాజీ కథ తీసుకుని తమిళంలో 'దిక్కట్ర పార్వతి' (1974) తీశాడు, పాటలూ ఫైట్లూ అమ్ముకునే బజారుకు దూరంగా. ఒక జిల్లావాళ్ళిద్దరూ పక్క భాషల్లోకి పోయి ఇలాంటివి తీశారు. ఎందుకు పోవాల్సొచ్చిందో మనం కాస్త ఆలోచించుకోవాలి, ఊరికే గర్వపడితే చాలదు.

'సంస్కార'ను మద్రాసు సెన్సారువాళ్ళు మొదట అడ్డుకున్నారు. ఢిల్లీలో సమాచార ప్రసార శాఖ దాకా పోయి, అక్కడ అనుమతి దొరికాక విడుదలైంది. 1970 సంవత్సరానికి దేశం మొత్తం మీద ఉత్తమ చిత్రమని బహుమతిచ్చారు. ఆ గౌరవం కన్నడానికి అదే మొదటిసారి. తెచ్చిపెట్టింది నెల్లూరువాడు. దర్శకుడిగా ఆయనకది మొదటి సినిమా.

ఇక్కడ మావాళ్ళ ఫిర్యాదు ఒకటుంది. 'అంత పెద్దాయన మన భాషలో తీయలేదే, మన సముద్రం మీద ఒక్క షాటన్నా తీయలేదే' అని. నేనైతే ఆ ఫిర్యాదుకు సంతకం పెట్టను. ఆయన కథకు చోటు వెతికాడు, చోటుకు కథ అతికించలేదు. మన ఊరి మీద ప్రేమతో ఆ నవల్లోని దుర్వాసపుర అగ్రహారాన్ని తెచ్చి అల్లూరులోనో విడవలూరులోనో దించి ఉంటే ఆ సినిమా పోయేది. చోట్లు వెతికేవాడికి ఉండాల్సిన మొదటి గుణం ఇదేనని నా నమ్మకం. తనకిష్టమైన చోటును వదులుకోగలగాలి.

ఆ తర్వాతి బతుకు తేలిగ్గా నడవలేదు. రెండో సినిమా 'చండమారుత' లంకేశ్ నాటకం ఆధారంగా తీసింది. ఎమర్జెన్సీ దాన్ని మింగేసింది, 1977 దాకా బయటపడలేదు. లోహియా అనుచరులైన ఆ దంపతులకు జార్జి ఫెర్నాండెజ్ స్నేహితుడు. 1976 మేలో స్నేహలతను అరెస్టు చేసి బెంగుళూరు జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. 1977 జనవరిలో పెరోలు మీద వదిలిన కొద్ది రోజులకే పోయింది. 'శృంగార మాస' 1984లో, 'దేవరకాడు' 1993లో వచ్చాయి. 2006లో పట్టాభి బెంగుళూరులో కన్నుమూశాడు. లెక్కేసుకోండి: 1970, 77, 84, 93. సినిమాకూ సినిమాకూ మధ్య ఏడేళ్ళు, ఏడేళ్ళు, తొమ్మిదేళ్ళు. సొంతంగా తీసేవాడి జీవితం ఎక్కువభాగం ఈ ఖాళీల్లోనే గడుస్తుంది. పట్టాభికి ఇంటి ఆసరా ఉంది. లేనివాళ్ళ సంగతేంటి?

అక్కడే ఈ లొకేషన్ల పని అక్కరకొస్తుంది. సొంత సినిమా కోసం ఊళ్ళు తిరిగినవాడి బుర్రలో చోట్లు పోగుపడి ఉంటాయి. ఏ పాళెంలో పాత పెంకుటిళ్ళు మిగిలాయి, ఏ రేవులో మర పడవలు సాయంత్రం వరసగా నిలబడతాయి, ఏ కరణంగారింటి వసారాకు ఇంకా టేకు స్తంభాలున్నాయి, అన్నీ తెలుసు. పెద్ద సినిమావాళ్ళు హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చినప్పుడు చూపించి పెడతాడు. సినిమాలు లేనప్పుడు ప్రకటనలు, అవీ లేనప్పుడు పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు. పులికాటు మధ్యలో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి, అదే షార్‌కు, పోయే రోడ్డు మీద చీర కొంగు ఎగరేసుకుంటూ నడిచిన పెళ్ళికూతుళ్ళు ఎందరో. ఏం చేస్తాం, అవీ డబ్బులే. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఒక పొదుపు అలవాటుంది. చూపించేవన్నీ చూపిస్తారు గానీ ఒక చోటు మాత్రం ఎవరికీ చెప్పరు. అది తమ సినిమాకని దాచుకున్నది. ఎంత తాగించినా చెప్పరు.

ఇక పదండి. ఉత్తరాన రామాయపట్నం నుంచి వద్దాం. అక్కడ రేవు పనులు జరుగుతున్నాయి, క్రేన్లు తప్ప ఏ ఫ్రేమూ దొరకదు, పోనీండి. జువ్వలదిన్నెలో కొత్త చేపల రేవు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ కథ 1970లో జరిగితే పనికిరాదు. ఇస్కపల్లి దగ్గర ఆగుదాం. ఉప్పు మడులు. ఎండాకాలం తెల్లటి ఉప్పు కుప్పలు పోసి తాటాకు కప్పి ఉంచుతారు. కెమెరామెన్లకు ఇక్కడ పండగ. ముఖం మీదికి వెలుతురు తిప్పడానికి థర్మోకోల్ షీట్లు పట్టుకుని నిలబడే కుర్రాళ్ళు అక్కర్లేదు, నేలంతా అద్దమే. కళ్ళు మాత్రం మండిపోతాయి. పనిచేసేవాళ్ళ అరికాళ్ళు చూస్తే మీకు కథ మారిపోతుంది.

రామతీర్థం దాటి, పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు దగ్గర ఇంకో రకం ఇబ్బంది. ఏటి మొగ ఏటికొక తీరుగా ఉంటుంది. ఇసక దిబ్బ పోయినేడు ఉన్నచోట ఈ ఏడు ఉండదు. వరదొస్తే ఒక లెక్క, రాకపోతే ఒక లెక్క. పోయినేడు తీసుకున్న ఫోటో పట్టుకుని యూనిట్టును దించితే లైట్లు పట్టుకున్నవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో నిలబడాలి.

దారి పొడుగునా ఇంకొకటి వెంటాడుతుంది. రొయ్యల గుంటలు. తొంభైలలో మా వరిచేలు, తీరపు నేలలు గుంటలైపోయాయి. 1996లో సుప్రీంకోర్టు తీరంలో రొయ్యల సాగు మీద గట్టి తీర్పే ఇచ్చింది, అయినా గుంటలు ఎక్కడికీ పోలేదు. చూడ్డానికి అద్దాల్లాగే ఉంటాయి, డ్రోన్ నుంచి మరీను. చిక్కు కంటికి కాదు, చెవికి. నీళ్ళలో గాలి నింపే ఏరియేటర్ల చక్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. స్టూడియో డబ్బింగు కాలంలో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పటి చిన్న సినిమాలు చాలావరకు అక్కడికక్కడే శబ్దం పట్టుకుంటున్నాయి. సముద్రం హోరు ఒకపక్క, సరుగుడు తోపులో గాలి ఒకపక్క, చక్రాల గోల ఇంకోపక్క. అందుకే తెలిసినవాడు ఒడ్డుకు పోయి ముందు కళ్ళు మూసుకుని నిలబడతాడు. చూసేవాళ్ళకు దండం పెట్టుకుంటున్నాడనిపిస్తుంది.

కృష్ణపట్నం. పాత రేవు, దీపస్తంభం, ఉప్పుటేరు. 2008 నుంచి పెద్ద ఓడరేవు. నేలటూరు దగ్గర విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు. మైళ్ళ దూరం నుంచి కనిపిస్తాయి. పాతకాలం కథ తీసేవాడికి అవి గుండెల మీద కుంపటి. ఒక కోణంలో తాటిచెట్టు అడ్డం పెట్టి దాచొచ్చు, ఇంకో కోణంలో కంప్యూటర్లో చెరిపించుకోవచ్చు, దానికీ డబ్బే. నేను చెప్పేదేంటంటే ఎందుకు దాచాలి? ఆ గొట్టాల కింద ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళున్నారు, ఉద్యోగం దొరికినవాళ్ళున్నారు, దొరకనివాళ్ళున్నారు. వాటిని ఫ్రేములోకి రానిచ్చే కథ ఎవరన్నా రాస్తే బాగుండు. ఇప్పటిదాకా చూసినవాళ్ళంతా పక్కకు తిప్పుకునే చూశారు.

దక్షిణానికి పోతే తూపిలిపాళెం, మన డే దొరగారి దుగరాజపట్నం, ఆ పైన పులికాటు. (కాగితాల మీద సూళ్ళూరుపేట, తడ 2022 నుంచి తిరుపతి జిల్లా. మాకు నోరు తిరగడం లేదు, నెల్లూరనే అంటాం.) దేశంలో చిలకా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. జనవరిలో వచ్చి చూశారంటే నీళ్ళు, నీళ్ళలో వేలకొద్దీ రాజహంసలు, ఆకాశం రంగంతా కింద పరిచినట్టు ఉంటుంది. ఆ ఫోటోలు పట్టుకుపోయి నిర్మాతను ఒప్పించి, డేట్లు దొరికాయని మే నెలలో దిగారనుకోండి. ఉత్తరపు భాగంలో నీళ్ళెక్కడ? పగుళ్ళిచ్చిన బురద నేల, దాని మీద బండ్ల చాళ్ళు. రాజహంసలు ఎప్పుడో పోయాయి. లొకేషన్ ఫోటో పెళ్ళిచూపుల ఫోటో లాంటిది, మంచి రోజు చూసి తీయించిందే చేతికిస్తారు.

ఇది మా ఒక్కరి కష్టం కాదు. సత్యజిత్ రాయ్ 1952 అక్టోబరులో 'పథేర్ పాంచాలీ' మొదటిరోజు షూటింగు రెల్లుపూల పొలంలో చేశాడు. తర్వాతి ఆదివారం మిగతా సీను తీద్దామని పోతే పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా, అంటే పై ఏడాది దాకా ఆగాడు. డబ్బున్న నిర్మాతైతే ప్లాస్టిక్ పూలు గుచ్చమనేవాడు. రాయ్‌కు ఆ డబ్బు లేకపోవడం మన అదృష్టం.

కాలం సంగతి ఎలాగూ వచ్చింది గనక చెబుతున్నాను, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు తరచూ బోల్తా పడే చోటు ఇంకోటుంది. వాళ్ళకు వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మాకు అసలు వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా, ఈశాన్య గాలితో, తుపాన్లతో కలిసి వస్తాయి. 'దసరా అయిపోయింది, వానలు తగ్గాయి' అని షెడ్యూలు వేసుకుని దిగినవాళ్ళు నెల్లూరు లాడ్జీల్లో చేపల పులుసు తింటూ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాల్సిందే. పులుసు బాగుంటుందన్నది వేరే సంగతి.

షార్ గురించి ఒక్క మాట. 1971 అక్టోబరులో శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. అంతకు ముందు ఆ దీవి యానాదుల అడవి. ఇప్పుడు లోపల కెమెరా పెడదామంటే కుదరదు, డ్రోన్ మాట ఎత్తకండి. నేలపట్టు, పులికాటు పక్షుల నెలవులకు అటవీశాఖ అనుమతి కావాలి. కాలువకు ఒకరు, రేవుకు ఒకరు, ఒడ్డుకు ఒకరు. సినిమా వేటలో సగం చెప్పులరుగుడే.

అన్ని కాగితాలూ చేతికొచ్చినా అసలు అనుమతి ఇంకా రాలేదు. అది పట్టపుపాళెంలో ఉంది. సముద్రం మీద బతికే పాళేల్లో ఊరి పెద్దల మాటే మాట. దురాయి పెట్టారంటే, అంటే ఫలానావాళ్ళకు పడవ ఇవ్వకూడదనో ఫలానా రోజు వేటకు పోకూడదనో ఆన పెట్టారంటే, కలెక్టరు సంతకం చూపించినా పడవ కదలదు. వాళ్ళ దగ్గరికి పోయి 'మీ ఊరు భలే ఉంది, ఫ్రీగా తీసుకుంటాం' అంటే 'యాడ్నించొచ్చినారబ్బయా, మీ ఊళ్ళో సముద్రం లేదా' అని పంపించేస్తారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, మనుషులు ఖాళీగా ఉంటారు. చోట్లు వెతికేవాడికి ఇంతకంటే మంచి కాలం లేదనిపిస్తుంది. నిజమే, కానీ అది వాళ్ళ ఇళ్ళలో పొయ్యి కష్టంగా వెలిగే కాలం కూడా. ఆ రెండు నెలల్లో పడవ అద్దె తగ్గించమని బేరమాడేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రోజుకూలి, పడవకు అద్దె, వల చిరిగితే వల డబ్బు, ముందే మాట్లాడి ముందే చేతిలో పెట్టాలి.

మాట్లాడితే ఏమవుతుందో విశాఖలో చూశాం. 'కేరాఫ్ కంచరపాలెం' (2018) తీసిన వెంకటేశ్ మహా కంచరపాలెం వీధుల్ని వాడుకోవడంతో సరిపెట్టలేదు, ఆ వీధుల్లో ఉండేవాళ్ళనే వేషాలకు నిలబెట్టాడు. అమెరికాలో డాక్టరుగా ఉన్న పరుచూరి ప్రవీణ డబ్బు పెట్టింది. ఆ సినిమా చూసినవాళ్ళు కథానాయకుడి పేరు మర్చిపోయినా ఊరిపేరు మర్చిపోలేదు. తెలంగాణలో నర్సింగరావు 'దాసి' (1988) తీసినప్పుడు వైకుంఠం అనే చిత్రకారుడు గడీ లోపలి గోడల్ని, వస్తువుల్ని చూసుకున్నాడు, జాతీయ బహుమతి వచ్చింది. 'సంస్కార'కు వాసుదేవ్, 'దాసి'కి వైకుంఠం. డబ్బు లేని సినిమాలు బొమ్మలు వేసేవాళ్ళను ఎందుకు పక్కన పెట్టుకుంటాయంటే, లేని గోడ కట్టడం కంటే ఉన్న గోడను చూడటం చవక. చూడటం వాళ్ళకే బాగా వచ్చు.

మా తీరానికి ఇంకా అలాంటి సినిమా రాలేదు. పాటలకు వచ్చారు, ఫైట్లకు వచ్చారు, సాయంత్రం పూట సూర్యుడు దిగుతాడేమోనని వచ్చి మళ్ళీ కారెక్కినవాళ్ళూ ఉన్నారు. పాళెంలో నెలా రెండు నెలలు కాపురం ఉండి, వల అల్లుతున్న ముసలాయన పక్కన కూర్చుని, ఆయన చెప్పేది చెవిన పెట్టి తీసినవాడు ఎవడూ నా కంటపడలేదు. చోటు దాచుకున్న కుర్రాళ్ళలో ఎవడన్నా ఉంటే వాడికి నాదొక హెచ్చరిక, అదీ డబ్బు గురించి కాదు. సినిమా అయిపోయాక చివర్లో కృతజ్ఞతలని ఒక కార్డు వేస్తారు, చూశారుగా, జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటే పైకి జారిపోయే పేర్లు. పాళెంవాళ్ళు ఆ కార్డు కోసమే కూర్చుంటారు. తూపిలిపాళెం అని ఉండాల్సిన చోట తుప్పిలిపాలెం అని పడిందా, ఇంక ఆ ఒడ్డున నీ కెమెరా దించనివ్వరు.